హఠాన్మరణం – కారణం లేని చావు ఉంటుందా?

‘రాత్రి అందరితో కలిసి భోంచేసి పడుకున్నాడు, తెల్లారేసరికి లేడు.’ ‘బస్సు దిగుతూ దిగుతూ కూలిపోయాడు, నీళ్ళు తెచ్చేలోగా ప్రాణం పోయింది.’ ఇటువంటి మాటలు మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ముసలితనం వల్లనో, చాలాకాలంగా ఉన్న జబ్బు వల్లనో మనిషి పోతే మనకు దుఃఖం కలుగుతుంది గాని ఆశ్చర్యం కలగదు. నిక్షేపంలా తిరుగుతున్న మనిషి చూస్తూండగానే పోతే మాత్రం దుఃఖం వెంట భయం, భయం వెంట అనుమానం వస్తాయి. ‘ఎవరో అన్నంలో ఏదో కలిపి పెట్టారు’ అని ఒకరంటారు. ‘గాలి సోకింది’ అని ఇంకొకరంటారు. ‘చేతబడి చేయించారు’ అని మరొకరు గుసగుసలాడతారు.

ఈ చివరి మాట ఎంత ప్రమాదకరమైనదో గమనించండి. చేతబడి చేశారన్న అనుమానంతో ఏ పాపమూ ఎరుగని మనుషులను కొట్టి చంపిన సంఘటనలు మన తెలుగు రాష్ట్రాలలోనే జరిగాయి. మొదటి చావుకు కారణం తెలియకపోవడం రెండో చావుకు కారణమయింది! కాబట్టి హఠాన్మరణానికి అసలు కారణం తెలుసుకోవడం ఉబుసుపోకకు చేసే పని కాదు. దానిమీద బ్రతికున్నవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఆ కారణాన్ని వెదికే వైద్యశాఖకు న్యాయవైద్య శాస్త్రం అని పేరు. ఫోరెన్సిక్ మెడిసిన్ అనేది దీనికే మరో పేరు. జబ్బు లక్షణాలు మొదలైన 24 గంటల లోపల, ఎవరూ అనుకోని విధంగా సంభవించే మరణాన్ని హఠాన్మరణం అంటారు. గాయం, విషం వంటివేవీ లేకుండా శరీరంలోని జబ్బు వల్లనే మరణం కలిగితే దానిని సహజ మరణం అంటారు. హఠాన్మరణాలలో ఎక్కువ భాగం సహజ మరణాలే. అయితే ఆ సంగతి ఊహించి చెబితే చాలదు, పరీక్షించి తేల్చాలి.

రోము నగరంలో భయం

ఈ పరీక్ష ఎలా మొదలయిందో తెలుసుకోవాలంటే మూడు వందల ఏళ్ళు వెనక్కు, ఇటలీ దేశంలోని రోము నగరానికి పోవాలి.

1705, 1706 సంవత్సరాలలో రోములో మనుషులు ఉన్నట్టుండి మరణించడం మొదలయింది. ఒకరు పోయారనే మాట మరచిపోకముందే మరొకరు పోయేవారు. రెండేళ్ళ క్రితమే, 1703లో, మధ్య ఇటలీని పెద్ద భూకంపాలు కుదిపివేసి ఉన్నాయి. జనం అసలే బెదిరి ఉన్నారు. ఇప్పుడీ చావులు! నగరమంతా హడలిపోయింది.

అప్పుడు రోము నగర పాలన పోపు చేతిలో ఉండేది. ఆనాటి పోపు పదకొండవ క్లెమెంటు. ఆయన వైద్యుడు జొవాన్ని మరియా లాన్చీసి. శరీర నిర్మాణ శాస్త్రంలో పండితుడు. హఠాత్తుగా మరణించినవారి శరీరాలను కోసి పరీక్షించి కారణం తేల్చవలసిందని పోపు ఆయనను ఆదేశించాడు.

ఆనాటికి వైద్యుల దగ్గర ఏమున్నవో ఆలోచించండి. స్టెతస్కోపు లేదు, అది 1816లో గాని రాలేదు. రక్తపు పోటును కొలిచే సాధనం లేదు. ఎక్స్‌రే లేదు, ఇ.సి.జి. లేదు. లాన్చీసికి ఉన్నవల్లా కత్తి, కళ్ళు, ఓపిక. ఒక్కొక్క శరీరాన్ని తెరచి చూసి, ఆ మనిషి బ్రతికి ఉండగా ఏమేమి బాధలు పడ్డాడో బంధువులను అడిగి తెలుసుకుని, రెండింటినీ కలిపి రాసుకున్నాడు. 1707లో తాను కనుగొన్న విషయాలను హఠాన్మరణాల గురించిన గ్రంథంగా ప్రకటించాడు.

ఆయనకు ఏం కనిపించింది? కొందరిలో గుండె మామూలు కంటె బాగా పెద్దదై ఉంది. కొందరిలో గుండె కవాటాల మీద పొక్కుల వంటివి పెరిగి ఉన్నాయి. మరికొందరిలో మెదడులో రక్తనాళం చిట్లి రక్తం నిండి ఉంది. అంటే వారు ఆ రోజు వరకు ఆరోగ్యంగా ఉండి ఆ రోజున పోయినవారు కారు. జబ్బు లోపల ఏనాడో మొదలయింది. పైకి కనిపించలేదు, అంతే. మరణం హఠాత్తుగా వచ్చింది గాని, దాని కారణం హఠాత్తుగా రాలేదు.

లాన్చీసి చెప్పిన ఈ ఒక్క విషయం ఈనాటికీ న్యాయవైద్య శాస్త్రానికి పునాది. తరువాత ఇటలీలోనే పాడువా నగరంలో మొర్గాన్యి అనే ఆచార్యుడు సుమారు 700 శవపరీక్షల వివరాలతో 1761లో ఒక మహాగ్రంథం ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 79 సంవత్సరాలు. జబ్బు అంటే శరీరంలో ఏదో అవయవంలో జరిగిన మార్పు అనీ, ఆ చోటును వెదికి పట్టుకోవచ్చుననీ ఆయన నిరూపించాడు.

ముక్కాలిపీట

మరి శరీరంలో ఎక్కడ వెదకాలి? 1800వ సంవత్సరంలో ఫ్రాన్సు దేశపు వైద్యుడు బిషా ఒక సులువైన దారి చూపాడు. గుండె, ఊపిరితిత్తులు, మెదడు – ఈ మూడింటి మీద ప్రాణం నిలిచి ఉంటుందని ఆయన చెప్పాడు. మన ఇళ్ళలోని ముక్కాలిపీటను గుర్తు తెచ్చుకోండి. మూడు కాళ్ళలో ఏ ఒక్కటి విరిగినా పీట పడిపోతుంది. అలాగే ఈ మూడు అవయవాలలో ఏ ఒక్కటి ఆగినా తక్కిన రెండూ కొద్ది నిమిషాలలో ఆగిపోతాయి. మొదట విరిగిన కాలు ఏదో కనిపెట్టడమే పరీక్ష చేసే వైద్యుని పని.

మొదటి కాలు గుండె. మన గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందనుకుంటే గంటకు 4,320 సార్లు, రోజుకు 1,03,680 సార్లు కొట్టుకోవాలి. ఇంత పని చేసే కండరానికి తిండి, ప్రాణవాయువు తెచ్చిపెట్టేవి హృదయ ధమనులు. వీటినే కరొనరీ ధమనులు అంటారు. అగ్గిపుల్ల కంటె కాస్త లావుగా మాత్రమే ఉంటాయివి. ఏళ్ళ తరబడి వీటి గోడలలో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. ఒకనాడు ఆ కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఇదే గుండెపోటు. పెద్దవారిలో హఠాన్మరణాలకు అన్నిటికంటె ముఖ్యమైన కారణం హృదయ ధమనుల జబ్బే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుండెపోటు వచ్చిన కొద్ది నిమిషాలలోనే మనిషి పోతే, గుండె కండరం కంటికి మామూలుగానే కనిపిస్తుంది. కండరం చనిపోయిన గుర్తులు బయటపడడానికి గంటలు పడుతుంది. అందుచేత వైద్యుడు కండరాన్ని చూసి ఊరుకోడు. కూరగాయలు తరిగినట్లు హృదయ ధమనిని కొద్ది మిల్లీమీటర్ల దూరంలో అడ్డంగా కోస్తూ, గడ్డ ఎక్కడ ఉందో వెదుకుతాడు.

గుండె చుట్టూ ఒక సంచి ఉంటుందని మీ జీవశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు. గుండె గోడ గాని, బృహద్ధమని మొదలు గాని చిట్లితే రక్తం ఆ సంచిలోకి కారుతుంది. మన శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ఒక చిన్న గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్లు ఒక్కసారిగా ఆ సంచిలో చేరినా చాలు, గుండె విప్పారడానికి చోటులేక ఆగిపోతుంది. రక్తం పోవడం వల్ల కాదు, ఇరుకు వల్ల మరణం వస్తుందన్నమాట.

రెండో కాలు ఊపిరితిత్తులు. చాలాకాలం మంచం పట్టినవారికీ, పెద్ద శస్త్రచికిత్స జరిగినవారికీ కాళ్ళలోని సిరల్లో రక్తం కదలిక తగ్గి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ విడిపోయి రక్తంతో పాటు పైకి పోతుంది. కుడి జఠరికను దాటి పుపుస ధమనిలో ఇరుక్కుంటుంది. దానితో ఊపిరితిత్తులకు రక్తం అందదు. ఈ సంగతిని 1840 తరువాతి సంవత్సరాలలో జర్మనీకి చెందిన విర్కో అనే వైద్యుడు శవపరీక్షల ద్వారా వివరించాడు. ఈనాడు ఆస్పత్రిలో శస్త్రచికిత్స అయినవారిని వీలయినంత త్వరగా లేపి నాలుగడుగులు నడిపించడం మీరు చూసే ఉంటారు. ‘నొప్పిగా ఉంటే ఎందుకండీ ఈ నడక!’ అని రోగి విసుక్కుంటాడు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా చూడడం ఆ నడకకు ఒక ముఖ్య కారణం.

మూడో కాలు మెదడు. శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, మనం పీల్చే ప్రాణవాయువులో సుమారు 20 శాతం అదే వాడుకుంటుంది. మెదడు అడుగుభాగంలోని ధమనులలో ఒక్కొక్కప్పుడు గోడ బలహీనమై చిన్న రేగుపండులా ఉబ్బుతుంది. అది చిట్లినప్పుడు భరించలేని తలనొప్పి వచ్చి మనిషి పడిపోవచ్చు. రక్తపు పోటు ఎక్కువగా ఉండి మందులు వాడనివారిలో మెదడు లోపలి చిన్న నాళాలు చిట్లడం మరింత తరచుగా జరుగుతుంది.

అన్నం ముద్ద చెప్పిన సంగతి

ఒక్కొక్కప్పుడు చూసినవారందరూ ఒక కారణం అనుకుంటారు, శరీరం మరొక కారణం చెబుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో హోటళ్ళలో భోజనం చేస్తూ చేస్తూ కూలిపోయినవారు కొందరు ఉన్నారు. ఒక్క కేకైనా వేయలేదు. చూసినవారంతా గుండెపోటు అనుకున్నారు. రోజర్ హాగెన్ అనే వైద్యుడు శవపరీక్షలు చేసి, వారి గొంతులో నమలని మాంసపు ముక్క అడ్డుపడి ఉందని కనుగొన్నాడు. 1963లో ఇటువంటి 9 మరణాలను ఆయన ప్రకటించాడు. వారు కేక వేయకపోవడానికి కారణం ఇప్పుడు మీకే తెలుస్తుంది. గాలి కదలనిదే గొంతు పలకదు గదా!

కారణం తెలిశాక నివారణ కోసం వెదుకులాట మొదలయింది. 1974లో హైమ్లిక్ అనే వైద్యుడు, గొంతులో ముద్ద అడ్డుపడిన మనిషి వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఉంచి లోపలికీ పైకీ గట్టిగా నొక్కే పద్ధతిని ప్రకటించాడు. ఊపిరితిత్తులలో మిగిలిన గాలే ఆ ముద్దను బయటికి తోస్తుంది. తుపాకీలో గుండును వాయువు తోసినట్లే. ఈనాడు చాలా దేశాలలో ప్రథమ చికిత్సలో ఈ పద్ధతిని నేర్పుతున్నారు. ఆ తొమ్మిదిమందిని గుండెపోటు అని అనుకుని పంపివేసి ఉంటే, వారు మనకు నేర్పిన పాఠం వారితోనే పోయేది.

పరీక్ష ఎలా జరుగుతుంది?

మన దేశంలో అనుమానాస్పదంగా గాని, కారణం తెలియకుండా గాని ఎవరైనా మరణిస్తే పోలీసులకు తెలియజేయాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194వ సెక్షను ప్రకారం పోలీసులు విచారణ జరుపుతారు. అంతకుముందు ఇదే పని క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 174వ సెక్షను కింద జరిగేది. పెద్దమనుషుల సమక్షంలో శవం ఉన్న స్థితిని, చుట్టుపక్కల ఉన్న వస్తువులను రాసుకుంటారు. దీనినే మనవాళ్ళు శవ పంచనామా అంటారు. ఆ తరువాత అవసరమని తోస్తే శవాన్ని పోస్టుమార్టం పరీక్షకు పంపుతారు.

వైద్యుడు మొదట పైనుంచి పరీక్షిస్తాడు. పాము కాటు ఉందా? కరెంటు తగిలిన మచ్చ ఉందా? చర్మం రంగు ఎలా ఉంది? రంగులో కూడా కథ ఉంటుంది. చలికాలంలో తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోయినవారు తెల్లారేసరికి మరణించడం మీరు పేపర్లలో చదివే ఉంటారు. గాలి చాలక బొగ్గు సగం సగంగా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అలా ఏర్పడిన పదార్థం రంగు ఎరుపు. అందుచేత ఆ శవం మీద మచ్చలు మామూలుగా ఉండే ఊదా రంగులో కాక చెర్రీపండు ఎరుపులో ఉంటాయి. ‘దెయ్యం గొంతు నులిమింది’ అన్న మాటకు ఆ రంగే జవాబు.

తరువాత వైద్యుడు శరీరాన్ని తెరచి ఒక్కొక్క అవయవాన్ని తూచి, కోసి చూస్తాడు. పెద్దవారి గుండె సుమారు 300 గ్రాములు ఉంటుంది. అది 500 గ్రాములు తూగితే వెంటనే అనుమానించాలి. కంటికి కనిపించని మార్పుల కోసం చిన్న ముక్కలను ఫార్మలిన్‌లో వేసి సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుతారు. విషం సంగతి తేల్చడానికి జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండం భాగాలను గాజు సీసాలలో పెట్టి, సీలు వేసి, ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. ఆ భాగాలు కుళ్ళిపోకుండా ఏం పోస్తారో తెలుసా? మన వంటింటి ఉప్పే! నీటిలో ఇక కరగనంతవరకు ఉప్పు కలిపిన సంతృప్త ద్రావణం. ఆవకాయ జాడీలో ఉప్పు ఏ పని చేస్తుందో ఇక్కడా అదే పని చేస్తుంది.

ఇప్పుడొక ప్రశ్న. తాటిచెట్టు కింద ఒక గీత కార్మికుడు మరణించి పడి ఉన్నాడు. పడడం వల్ల మరణించాడా? లేక చెట్టు మీద ఉండగా గుండె ఆగి, ఆ తరువాత పడ్డాడా? చూసినవారు ఎవరూ లేరు. ఆ ఇంటికి పరిహారం రావడం, రాకపోవడం ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉండవచ్చు. మీరైతే ఏం పరీక్షిస్తారు? గుండె కొట్టుకుంటున్నంతసేపే రక్తం ఒత్తిడితో ప్రవహిస్తుంది. బ్రతికి ఉండగా తగిలిన దెబ్బ చుట్టూ కండరాలలోకి రక్తం బాగా ఇంకుతుంది. గుండె ఆగిన తరువాత తగిలిన దెబ్బ దగ్గర అలా ఇంకదు. కనుక విరిగిన ఎముక చుట్టూ ఉన్న రక్తాన్నీ, హృదయ ధమనులనూ రెండింటినీ చూసి వైద్యుడు జవాబు చెబుతాడు.

‘పోయిన మనిషిని మళ్ళీ కోయడమెందుకు’ అని చాలామంది బంధువులు బాధపడతారు. ఆ బాధ సహజమే. అయితే పరీక్ష అయిన తరువాత శరీరాన్ని కుట్టి, శుభ్రం చేసి, అంత్యక్రియలకు ఇంటివారికి అప్పగిస్తారు. చివరి చూపుకు అడ్డు ఉండదు.

పడుచువారి గుండె

ముప్పై ఏళ్ళు కూడా నిండనివారు, ఆటగాళ్ళు, పరుగు తీస్తూ కూలిపోతే కారణం ఏమిటి? వారి ధమనులలో కొవ్వు పేరుకునేంత కాలం గడవలేదు గదా!

1958లో లండనులో డొనాల్డ్ టియర్ అనే న్యాయవైద్యుడు ఇలా హఠాత్తుగా పోయిన కొందరు పడుచువారి గుండెలను వర్ణించాడు. రెండు జఠరికల మధ్య ఉండే కండరపు గోడ వారిలో విపరీతంగా మందమై ఉంది. అటువంటి గుండెలో విద్యుత్ స్పందనలు సరిగా ప్రయాణించవు, ఒక్కసారిగా తాళం తప్పుతాయి. ఈ జబ్బు కుటుంబాలలో తరతరాలుగా వస్తుందని ఆ తరువాత తెలిసింది. 1990లో దీనికి కారణమైన ఒక జన్యువును కనుగొన్నారు. సుమారు 500 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని ఈనాటి అంచనా. వారిలో చాలామంది పూర్తి ఆయుర్దాయం బ్రతుకుతారు. ముందుగా కనిపెడితే మందులతోనూ, అవసరమైనవారికి గుండెకు అమర్చే పరికరంతోనూ కాపాడవచ్చు.

మొర్గాన్యి పని చేసిన పాడువా నగరంలోనే మరో ముందడుగు పడింది. అక్కడి వైద్యుడు గయెతానో తియెనె, ఆయన సహచరులు వెనెతో ప్రాంతంలో 1979 నుంచి 1986 వరకు హఠాత్తుగా మరణించిన, 35 ఏళ్ళు నిండని 60 మంది గుండెలను పరీక్షించారు. వారిలో 12 మందికి కుడి జఠరిక కండరం కరిగిపోయి, దాని స్థానంలో కొవ్వు, నారపోగులు చేరి ఉన్నాయి. అంతవరకు వైద్యులు పెద్దగా పట్టించుకోని జబ్బు అది. 1988లో వారు ఈ సంగతిని ప్రకటించారు.

ఇటలీలో 1982 నుంచి పోటీలలో పాల్గొనే ఆటగాళ్ళందరికీ ఏటా వైద్యపరీక్ష, ఇ.సి.జి. తప్పనిసరి చేశారు. వెనెతో ప్రాంతంలో దాని ఫలితాన్ని లెక్కవేశారు. 1979, 1980 సంవత్సరాలలో ఏడాదికి లక్షమంది యువ ఆటగాళ్ళలో 3.6 మంది చొప్పున గుండె ఆగి హఠాత్తుగా మరణించేవారు. 2003, 2004 నాటికి ఆ సంఖ్య 0.4కు తగ్గింది. లాన్చీసి దేశంలో, చనిపోయినవారి గుండెల నుంచి నేర్చుకున్న పాఠం బ్రతికున్న పిల్లలకు ఇలా ఉపయోగపడింది.

గుర్తు మిగలని మరణం

కొన్నిసార్లు అన్నీ పరీక్షించినా ఏమీ కనిపించదు. గుండె బరువు సరిగానే ఉంటుంది, ధమనులు శుభ్రంగా ఉంటాయి, విషం ఉండదు. అప్పుడు కారణం లేదనవచ్చునా?

అనకూడదు. గుండెను నడిపించేది విద్యుత్తు. ఇంట్లో కరెంటు పోయి బల్బు ఆరిపోయిందనుకోండి. బల్బును విప్పి ఎంత చూసినా అందులో లోపం కనిపించదు. గుండె కణాల గోడలలో సోడియం, పొటాషియం అయాన్లు రాకపోకలు సాగించే సన్నని ద్వారాలు ఉంటాయి. వాటిని నిర్మించే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటే, గుండె ఏదో ఒకనాడు లయ తప్పి వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె రక్తాన్ని నెట్టలేదు. మరణించిన తరువాత ఆ వణుకుకు ఎటువంటి గుర్తూ మిగలదు.

గుర్తు కండరంలో మిగలకపోయినా డి.ఎన్.ఏ.లో మిగులుతుంది. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, ఈదుతూ మునిగిపోయి ఆ తరువాత మరణించిన ఒక యువతి కణజాలం నుంచి డి.ఎన్.ఏ. తీసి పరీక్షించి, పొటాషియం ద్వారానికి సంబంధించిన జన్యువులో లోపాన్ని పట్టుకున్నారు. ఈ లోపం ఉన్నవారిలో ఈత గుండె లయను చెదరగొట్టగలదు. ఇటువంటి పరీక్షను ఈనాడు జన్యు శవపరీక్ష అనవచ్చు.

దీనివల్ల పోయిన మనిషి తిరిగి రారు. మరి ప్రయోజనం ఎవరికి? అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్ళకూ! ఇటువంటి లోపం తల్లిదండ్రులలో ఒకరి నుంచి వచ్చి ఉంటే, తోబుట్టువులలో ఒక్కొక్కరికి అది ఉండే అవకాశం సాధారణంగా సగానికి సగం. మెండెల్ బఠాణీ మొక్కల లెక్కను ఇక్కడ మీరే వేసి చూడవచ్చు. తోబుట్టువులకు ఇ.సి.జి. తీసి, జన్యువు పరీక్షించి, లోపం ఉన్నవారికి మందులిస్తే రెండో మరణం రాకుండా ఆపవచ్చు. ‘మా ఇంటికి శాపం ఉంది, పడుచువాళ్ళు నిలవరు’ అనుకునే ఇంటికి కావలసింది శాంతి పూజ ఒక్కటే కాదు, ఇ.సి.జి. కూడా.

మీరు చేయగలిగింది

పరుగెడుతూ గాని, ఆడుతూ గాని స్పృహ తప్పి పడిపోవడం మామూలు నీరసం అనుకోకూడదు. ఆడేటప్పుడు ఛాతీ నొప్పి రావడం, గుండె అదుపు లేకుండా దడదడలాడడం కూడా అంతే. ఇంట్లో ఎవరైనా 40 ఏళ్ళ లోపలే హఠాత్తుగా పోయి ఉంటే ఆ సంగతీ ముఖ్యమే. వీటిలో ఏది ఉన్నా ఇంట్లో పెద్దవారికీ, బడిలో వ్యాయామం మాస్టారికీ చెప్పండి. ‘ఆటలో నుంచి తీసేస్తారేమో’ అని దాచకండి.

మీ ఎదుట ఎవరైనా కూలిపోతే, పిలిచినా పలకకపోతే, ఊపిరి ఆడకపోయినా, ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి తీసినా గుండె ఆగిందనే అనుకోవాలి. గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు. గుండెపోటులో రక్తపు దారి మూసుకుపోతుంది, మనిషి మాట్లాడుతూ ఉండవచ్చు. గుండె ఆగితే మాత్రం మెదడు కణాలు నాలుగైదు నిమిషాలలో దెబ్బతినడం మొదలవుతుంది. వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేయమని ఒకరికి చెప్పండి. 108 వాహనాలు 2005లో హైదరాబాదులోనే మొదలయ్యాయి. అవి వచ్చేలోగా ఖాళీగా నిలబడకండి. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేయి ఉంచి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా నొక్కండి. పెద్దవారికి 5 సెంటీమీటర్ల లోతు తగ్గకుండా, 6 మించకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి నొక్కుకూ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. అలసిపోతే మరొకరికి అప్పగించాలి గాని ఆపకూడదు. చదివితే వచ్చే విద్య కాదిది. మీ బడికి వైద్యుణ్ణో, నర్సునో పిలిపించి బొమ్మ మీద నొక్కి నేర్పించమని మీ మాస్టార్లను అడగండి.

ఇక మీ ఊళ్ళో ఎవరైనా హఠాత్తుగా మరణించినప్పుడు, అరుగు మీద చేరి తలా ఒక మాట అంటూ ఉంటే మీరు ఒక ప్రశ్న అడగండి. ‘డాక్టరు చూశారా? ఏమన్నారు?’ మూడు వందల ఏళ్ళ క్రితం భయంతో హడలిపోయిన రోముకు ధైర్యం చెప్పింది ఆ ప్రశ్నే. ఆ జవాబు వచ్చేవరకు ఎవరి మీదా నింద వేయకుండా ఆగడం, వచ్చిన తరువాత ఆ ఇంట్లో మిగిలినవారికి పరీక్షలు చేయించడం – ఈ రెండూ జరిగితే ఒక చావు వెనుక ఇంకొకటి రాకుండా చాలావరకు ఆపగలుగుతాం.